రిజిస్ట్రీ ప్రక్షాళనము

కంప్యూటరు మందగించినంతనే రిజిస్ట్రీ క్లీనరును దింపుకొనుట పెక్కండ్రకు పరిపాటియైనది. అది యనవసరమని నా తలంపు. విండోసు తన యమరికలను వ్రాసియుంచుకొను చిట్టాయే రిజిస్ట్రీ. అందు పాతపద్దులు కొన్ని మిగిలినంతమాత్రమున వేగము తగ్గదు. మన నడికుడి స్టేషనులో వాడని పట్టా యొకటి యున్నంతమాత్రమున గుంటూరు బండి యాలస్యమగునా? దానిని పెఱుకబోయి మాచర్ల దారి చీలు పట్టాను పెఱికినచో నేమగును! అట్లే, కావలసిన పద్దు చెఱిగెనేని యంత్రము తెఱచుకొనకయే పోవచ్చును.

ఇట్టి సాధనములను మైక్రోసాఫ్టువారే సమర్థింపరు. పేరుమోసిన సీక్లీనరు 5.33వ కూర్పులో సయితము 2017లో దొంగప్రోగ్రాము చొరబడి 22 లక్షలకు పైబడిన యంత్రములకు చేరెను.

వాడియే తీరెదమనువారు ముందుగా రిజిస్ట్రీకి నకలు తీసి, రిస్టోర్ పాయింటు నేర్పఱచుకొని, తుడువబోవు పద్దులను చదివి చూడవలెను. మాంద్యమునకు మూలము తఱచుగా యంత్రముతోపాటు తామై మేల్కొను ప్రోగ్రాములే. వానిని టాస్క్ మేనేజరులో నిలుపవచ్చును, రూకయైన వ్యయము లేదు.