చిన్నతెర వీరుడు – పెద్దతెర పరీక్ష

ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు, విజయవాడ నుండి జగదల్పూరునకు పోవు జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దునకు చేరువగా నున్న పట్టణము. చుట్టుపట్ల మామిడితోటలు. ఆ యూరిలో బడికి పోవ నారంభించిన పసివానిని భీముడెవరని యడిగినచో, ధర్మరాజు తమ్ముడని చెప్పుటకు కొంత యాలస్యము కావచ్చును. లడ్డూ తిన్నంతనే బండరాళ్ల నెగురవేయు ఢోలక్‌పూరు బాలుడని మాత్రము తడుముకొనక చెప్పును. పెద్దలు దీనికి నొచ్చుకొందురు. అంతగా నొచ్చుకొనవలసిన పని లేదు. భారతములోని పేరు పిల్లల నోట నిలిచియుండుటయే యొక లాభము. తక్కిన కథను ఇంటిలోని తాతయో, బడిలోని పంతులో చెప్పవచ్చును.

ఆ బాలుడే ఛోటా భీమ్. అతడు పరదేశమునుండి దిగివచ్చినవాడు కాడు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాదున స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ అతనిని రూపొందించినది. 2008 ఏప్రిల్ నుండి పోగో ఛానలులో అతని కథలు ప్రసారము కాజొచ్చెను. ఆపద వచ్చినపుడెల్ల భీముని పిలిపించు రాజు ఇంద్రవర్మ, లడ్డూ లందించు చుట్కీ, పసివాడైన రాజు, మాటలాడు కోతి జగ్గు, అసూయతో ఎత్తులు వేసి భంగపడు కాలియా – వీరందరును పిల్లలకు ఇరుగుపొరుగు వారైపోయిరి. అమెరికావారి సూపర్‌మ్యాన్ వలె ఆకాశమున నెగురకపోయినను, సామాన్యులకు లేని బలముతో బలహీనులను కాపాడువాడు గనుక ఛోటా భీమ్ కూడ ఆ మహావీరుల కోవకు చెందినవాడే. ఇట్టి వీరుని టెలివిజను నుండి సినిమాశాలకు తీసికొనిపోయినచో అక్కడ నిలువగలడా?

తిరువూరు వంటి యూళ్లలో ఇది ఊసుపోక వేయు ప్రశ్న కాదు. టెలివిజను ముందు కూర్చుండిన పిల్లవానికి వేరుగా ఖర్చు లేదు. సినిమాకన్ననో, వాడొక్కడు పోలేడు. తల్లియో తండ్రియో వెంట పోవలెను. చెల్లెలు ఏడ్చును గనుక ఆమెనును తీసికొనిపోవలెను. పెద్దతెరయు, చెవులు దద్దరిల్లు ధ్వనియు గల హాలులోనే చూతునని మారాము చేసినచో, విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణము. మామిడికి ధర లేని యేట తోటపనికి పోవు తండ్రికి ఆ ఖర్చు చిన్నది కాదు. ఇంటిల్లిపాది అంత వెచ్చించి పోయిన తరువాత, ఇంటిలో ఊరకే చూచుచున్న దానినే కొంచెము పెద్దది చేసి చూపినచో, అది ఆ పిల్లవాని యాసను వంచించుటయే యగును.

ఛోటా భీమ్ ఈ పరీక్షకు ఒకసారి కాదు, పలుమార్లు కూర్చుండెను. 2012 మే నెలలో ‘ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్’ అను యానిమేషను చిత్రము విడుదలయ్యెను. దాని వెనుక 2013లో బాలి సింహాసనపు కథయు, 2016లో హిమాలయ సాహసమును, 2019లో కుంగ్‌ఫూ కథయు సినిమాశాలలకు వచ్చినవి. మొదటి ప్రయత్నము పూర్తిగా వృథా యైనచో తక్కినవి వచ్చియుండెడివి కావు. పండ్రెండేండ్ల తరువాత, 2024 మే 31న, అదే దమ్యాన్ కథ మరల వచ్చెను. ఈ మారు గీసిన బొమ్మలు కావు, నిజమైన నటులు. యజ్ఞ భాసిన్ భీముడుగాను, అనుపమ్ ఖేర్ గురు శంభువుగాను నటించిరి. దర్శకుడు రాజీవ్ చిలకయే. కథ పాతది, పేరు పాతది, వీరుని యెరుగని పిల్లవాడు లేడు. అయినను ఆశించినంత యాదరణ లభింపలేదు. (మరి నాలుగు దినములకే, జూన్ 4న, సార్వత్రిక ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఆంధ్రదేశమున పెద్దల చూపులన్నియు దానిమీదనే యుండెను. కాని నెపమంతయు ఓట్ల పెట్టెలపై మోపుట న్యాయము కాదు.)

ఇందుగల రహస్యము తెర పరిమాణములో లేదు. గీతకును శరీరమునకును గల భేదములో నున్నది. గీసిన లోకములో సమస్తమును ఒకే పదార్థముతో చేయబడినది. భీముడును గీతయే, అతడెత్తిన కొండయు గీతయే, మాటలాడు కోతియు గీతయే. ఒక గీత మరియొక గీతను పైకెత్తినచో కన్ను అభ్యంతరము చెప్పదు. కాని రక్తమాంసములు గల పదేండ్ల బాలుడు ఏనుగంత రాతిని లేపినచో, అదే కన్ను వెంటనే పరీక్షాధికారి యగును. వాని చేతి నరములు బిగిసినవా? కాలిక్రింది మట్టి క్రుంగినదా? రాతి నీడ వానిపై పడినదా? వీని కన్నిటికిని కంప్యూటరు సమాధానము చెప్పవలెను. ఆ సమాధానములకు అమెరికా చిత్రములలో కోట్ల కొలది డాలర్లు వెచ్చింతురు. ఆ చిత్రములను సెల్‌ఫోనులో చూచి మరగిన తిరువూరు బాలుడు, అంత సొమ్ము లేని చిత్రమును ఆ తక్కెడలోనే తూచును. బొమ్మగా నున్నంతకాలము ఛోటా భీమునకు పోటీ లేదు. మనిషి యైన మరుక్షణమున లోకమునందలి మహావీరులందరును వానికి పోటీదారులైరి.

అట్లని సొమ్మున్న చాలునా యన్నచో, చాలదు. ఆ సంగతి తెలుగువారికి 1957లోనే తెలిసినది. ‘మాయాబజార్’ చిత్రములో ఘటోత్కచుడు పెండ్లివారి విందు నారగించుచుండగా లడ్డూలు తమంతట తామే లేచి వాని నోట పడుచుండును. కంప్యూటరు లేని దినములవి. కె.వి.రెడ్డి దర్శకత్వమును, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణ చాతుర్యమును ఆ వింతను సాధించినవి. అయితే నేటికిని ఆ దృశ్యమును జనులు చూచుచుండుటకు కారణము లడ్డూలు లేచుట మాత్రమే కాదు. ఆ లడ్డూల నారగించు ఎస్.వి.రంగారావు కన్నులలోని యానందము, ఆ విరగబాటు నవ్వు, ఆ విగ్రహము చూచినవారికి, ఇట్టివానికి ఇంతమాత్రము సాధ్యము కాదా యని తోచును. నటుడు నమ్మించిన పిదప యంత్రము చేయవలసిన పని తగ్గిపోవును. (భీముని కొడుకునకును, ఢోలక్‌పూరు భీమునకును లడ్డూలయందే ప్రీతి యుండుట చమత్కారమైన విషయము.)

రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. ధారావాహికములోని వీరుడు ఓడిపోరాదు, మారిపోరాదు, పెద్దవాడు కారాదు. కథ ముగియునప్పటికి ఢోలక్‌పూరు యథాప్రకారము ఉండవలెను. లేనిచో మరునాటి కథ మొదలుకాదు. కాలియాకు బుద్ధి వచ్చినచో పరిహాసము పోవును. పిల్లలకు ఆ మార్పులేని తనమే నెమ్మది నిచ్చును. బడిలో తిట్లు తిని వచ్చిన దినమున కూడ భీముడు గెలుచును. సినిమా యట్లు కాదు. రెండున్నర గంటలు కదలక కూర్చుండిన ప్రేక్షకునకు, వీరుడు నిజముగా ఓడిపోవునేమో యను భయము ఒక్కసారియైన కలుగవలెను. రేపటి కథ ఒకటి ఉన్నదని తెలిసిన చోట ఆ భయము పుట్టదు. అందుచేతనే టెలివిజను వీరుల చిత్రములు పెక్కులు, నాలుగైదు కథలను సూదిదారముతో కుట్టినట్లుండును.

అమెరికాలో 1966లో ఇదే జరిగినది. ఆ యేడు జనవరిలో ‘బ్యాట్‌మ్యాన్’ ధారావాహికము టెలివిజనులో ఆరంభమై పిల్లలను పెద్దలను ఆకట్టుకొనెను. జూలై కల్లా అదే పేరుతో చలనచిత్రము విడుదల చేసిరి. ముఖ్యనటులు వారే, దుస్తులవే, హాస్యమదే. అధికముగా చేసినదేమనగా, వారమున కొకడు చొప్పున వచ్చు దుష్టులను నలుగురిని ఒకేమారు దింపుటయు, టెలివిజను వెలకు అందని హెలికాప్టరును, పడవను సమకూర్చుటయును. తరువాత ఆ హెలికాప్టరు, పడవ దృశ్యములు ధారావాహికములోనే పనికివచ్చినవి! చిత్రము కొరకు సమకూర్చినవి తిరిగి చిన్నతెరకే చేరుటను బట్టి, ఆ చిత్రము దేనికి అనుబంధమో గ్రహింపవచ్చును. సూపర్‌మ్యాన్ చరిత్ర వేరు. జార్జ్ రీవ్స్ నటించిన టెలివిజను ధారావాహికము 1958లో ముగిసినది. ఇరువదేండ్ల తరువాత, 1978లో, రిచర్డ్ డోనర్ దర్శకత్వమున క్రిస్టఫర్ రీవ్ నటించిన చిత్రము వచ్చి లోకమంతట విజయము పొందెను. అది పాత ధారావాహికమునకు తోక కాదు. వీరుడు పుట్టిన గ్రహము నశించుట మొదలుకొని, వాడు పల్లెలో పెరుగుట, పెంచిన తండ్రి మరణింపగా అంత బలమున్నను కాపాడలేకపోతినని కుములుట – ఇవన్నియు క్రొత్తగా కూర్చి చెప్పినది. బలవంతుడు కూడ నిస్సహాయుడగు ఘట్టము ఒకటి యుండుటచేతనే ఆ కథ పెద్దతెరకు తగినదైనది.

అందరెరిగిన వీరుడైనచో సగము పని యైనట్లే గదా యని వాదించువారు కలరు. వారి వాదమును తెలుగుదేశమే కొంత త్రోసిపుచ్చినది. 2024 జనవరి 12న, సంక్రాంతి దినములలో, ప్రశాంత్ వర్మ దర్శకత్వమున ‘హను-మాన్’ చిత్రము వచ్చెను. మహేశ్ బాబు నటించిన ‘గుంటూరు కారం’ అదే దినమున విడుదలైనది. తేజ సజ్జా నటించిన హనుమంతు అను పల్లెటూరి యువకుని అంతకు ముందు ఏ టెలివిజనులోను ఎవరును చూచియుండలేదు. అయినను ఆ చిత్రము ఆంధ్రదేశమున మాత్రమే కాక, ఇతర రాష్ట్రములందును ఘనవిజయము పొందినది. వీరుడు క్రొత్తవాడు, వాని వెనుకనున్న దైవము మాత్రము ప్రతి యూరి గుడిలోను ఉన్నవాడు. అల్లరిగా తిరుగు తమ్ముడు, వానికై పాటుపడు అక్క, ఊరిని పీడించు మోతుబరి – ఇవి తిరువూరు రచ్చబండ మీది మాటలే. మనుమనితో వచ్చిన తాత కూడ నిద్రపోకుండ చూచెను. పిల్లల చిత్రమునకు టిక్కెట్టు కొనువాడు పెద్దవాడు గదా! వానికి గూడ హాలులో ఏదో యొక పని యుండవలెను. టెలివిజనునకు ఆ బాధ లేదు. తాత వేరొక గదిలో పడుకొనవచ్చును.

పరిచయము వలన లాభము లేదని దీని భావము కాదు. పరిచయము ప్రేక్షకుని మొదటి దినమున ద్వారము వరకు తీసికొనివచ్చును. లోపల కూర్చుండబెట్టు పని కథది. కాబట్టి టెలివిజను వీరుడు సినిమాలో గెలువగలడు. కాని టెలివిజనులోని తన భాగ్యమును వాకిటనే విడిచి, మరల పుట్టుటకు సిద్ధపడినప్పుడే గెలువగలడు.

ఇట్టి పునర్జన్మకై శక్తిమాన్ ఎదురుచూచుచున్నాడు. 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలై 2005 వరకు సాగిన ఆ ధారావాహికమును, హిందీ తెలియని తెలుగు ఇండ్లలో గూడ పిల్లలు కన్నార్పక చూచిరి. అంతకు ముందు ‘మహాభారత్’లో భీష్ముడుగా నటించిన ముకేష్ ఖన్నాయే శక్తిమాన్. కండ్లద్దాలు పెట్టుకొని, పండ్లు బయటపెట్టి నవ్వు గంగాధరుడను పత్రికోద్యోగి వేషము క్రింద, యోగసాధనచే పంచభూతముల శక్తిని పొందిన వీరుడు దాగియుండును. తమకు ఆపద కలిగినచో శక్తిమాన్ వచ్చి రక్షించునని పిల్లలు సాహసములకు దిగుచున్నారని వార్తలు వచ్చినపుడు, ఆ నటుడే తెరపై కనబడి, అట్లు చేయవలదని చెప్పవలసి వచ్చెను. పిల్లలు వానిని ఎంతగా నమ్మిరో దీనివలన తెలియును. ప్రతి కథ చివరను పండ్లు తోముకొనుట మొదలుకొని పెద్దల మాట వినుట వరకు ఏదో యొక మంచి నడవడి బోధించెడివాడు. సినిమాశాలలో అట్టి బోధ చేసినచో జనులు అప్పటికే చెప్పులు వెదకికొనుచుందురు.

2022 ఫిబ్రవరిలో సోనీ పిక్చర్స్ సంస్థ శక్తిమాన్‌ను చలనచిత్రముగా తీయుదుమని ప్రకటించినది. మూడేండ్లు గడచినను అది వెండితెరకు రాలేదు. ఆలస్యమును తప్పుపట్టుట సులభము. కాని నిర్మాతల ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. 1997లో తిరువూరులో పదేండ్లవాడైన బాలునకు ఇప్పుడు నలుబదేండ్లకు దగ్గర పడినది. వానికి తన పాత శక్తిమాన్, ఆ యెఱ్ఱని దుస్తులతో, ఏ మార్పును లేకుండ కావలెను. వాని ప్రక్క కుర్చీలో కూర్చుండు కుమారుడు శక్తిమాన్ పేరైన వినియుండడు. చిత్రము తండ్రికొరకు తీసినచో కుమారునకు నిద్ర వచ్చును. కుమారునికొరకు తీసినచో తండ్రి, వీడు శక్తిమాన్ కాడని గొణుగును. తెర మీద వీరుడు ఒక చేయి పైకెత్తి, బొంగరమువలె గిరగిర తిరిగి ఆకాశమునకు లేచును. చిన్నప్పుడు పెరటిలో అట్లే తిరిగి, తల తిరిగి పడిన తండ్రి చప్పట్లు కొట్టును. కుమారుడు తండ్రి చేతిని పట్టి లాగి, “నాన్నా, ఎగురుటకు ఆయన అట్లెందుకు తిరుగుచున్నాడు?” అని యడుగును.