గోడకి పగులొస్తే ఇన్సూరెన్సు ఉందిగా అంటారా?

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు మీటింగులో ఒకాయన ఫోటో చూపించారు. పడగ్గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు. ఫోనులోనే భయమేసింది. పక్కనున్న కుర్రాడు మాత్రం "ఏం పర్లేదండీ, లోనుతో పాటు ఇన్సూరెన్సు తీసుకున్నాంగా, క్లెయిమ్ చేసెయ్యండి" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

పది లైన్ల కోడు మారితే ఇద్దరు రివ్యూ చేస్తే గానీ ఒప్పుకోని జాతి మనది. కోటి రూపాయల ఇంటి తాలూకు పాలసీ మాత్రం ఎవరూ తెరవలేదు. ఆ రాత్రే మొదటిసారి చదివాను.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకి ప్రామాణిక పాలసీ 'భారత్ గృహ రక్ష'. అగ్నిప్రమాదం, భూకంపం, తుఫాను, వరద, నేల కుంగడం.. అన్నీ ఉన్నాయి. నేల కుంగడం ఉందని సంబరపడకండి. దాని పక్కనే మినహాయింపులు చూడండి. కొత్త కట్టడాల్లో మామూలుగా వచ్చే పగుళ్ళు, పూడ్చిన నేల కదలడం, డిజైనులో లోపం, నాసిరకం పనితనం, నాసిరకం సామాను, నిర్మాణం, కూల్చివేత, తవ్వకాలు. వీటికి పైసా రాదు.

ఇక మన కారిడార్ సంగతి చూడండి. పూడ్చిన నేల మీద టవర్లు, బండ పేల్చి తవ్విన సెల్లార్ల పక్కన ఇళ్ళు. మనకొచ్చే పగుళ్ళన్నీ ఆ మినహాయింపుల జాబితాలోనే ఉన్నాయి! 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిక్ నగర్‌లో పక్క స్థలంలో పునాదికి తవ్వితే ఒక భవనం ఒరిగిపోయింది, జీహెచ్ఎంసీ దాన్ని కూల్చేసింది. అలాంటి నష్టాన్ని నేల కుంగడం కింద అడిగితే ఆ చివరి మాటే చూపిస్తారు. ఈ పాలసీని ఖరారు చేసిన ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులోనే ఉంది. రోజూ దాని మీదుగానే క్యాబుల్లో వెళ్తాం.

అయినా నా కోపం బీమా వాళ్ళ మీద కాదు. బీమా ప్రమాదానికి. నాసిరకం పని ప్రమాదం కాదు, బగ్గు. రాసినవాడే ఫిక్స్ చెయ్యాలి. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) సరిగ్గా అదే అంటోంది. ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచెయ్యాలి, లేదంటే పరిహారం కట్టాలి.

మరి ఎందుకు అడగం? మీటింగు చివర్లో ఒక పెద్దాయన తేల్చేశారు. "గ్రూపులో ఆ ఫోటోలు పెట్టకండి, రీసేల్ రేటు పడిపోతుంది." మళ్ళీ అందరూ తలలూపారు. వారం తిరక్కుండా పుట్టీ పెట్టి రంగేసేశారు.

బిల్డరుకి ఇంతకన్నా ఏం కావాలండీ? మన నోరే ఆయన బీమా, ప్రీమియం కూడా మనమే కడుతున్నాం!

ప్రతి పగులూ ప్రమాదం కాదు, నిజమే. దూలం కింద సన్నని గీత ప్లాస్టరుది కావచ్చు. ఏటవాలుగా పాకేది, వెడల్పయ్యేది, స్తంభాల్లో వచ్చేది మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. రంగేసే ముందు తేదీతో ఫోటో తీయండి, బిల్డరుకి రాతపూర్వకంగా పంపండి. కదలకపోతే రెరా ఉంది.

మేం తాళాలు తీసుకుని నాలుగేళ్ళ రెండు నెలలు. మిగిలింది పది నెలలు. నా ఉత్తరం నిన్న పోస్టు చేశాను. మీవి ఎన్ని నెలలు మిగిలాయో లెక్క చూసుకోండి.