తుక్కు పడవ మోసిన ప్రాణాలు

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు పెద్దలు. బళ్ల సంగతేమో కానీ, ఇక పనికిరాదని వదిలేసిన ఓ పాత పడవ మాత్రం నిజంగానే ఓడైంది. పాతికమంది కూడా పట్టని ఆ పడవ యుద్ధభూమి నుంచి ఒక్క ప్రయాణంలో దాదాపు 130 మందిని ఒడ్డుకు చేర్చింది!

ఆ పడవ పేరు సన్‌డౌనర్. దాని యజమాని చార్లెస్ లైటోలర్. ఈ పేరు వినగానే చాలామందికి ఏమీ గుర్తురాకపోవచ్చు. టైటానిక్ అంటే మాత్రం తెలియనివాళ్లుండరు కదా! 1912లో ఆ ఓడ మునిగినప్పుడు లైటోలర్ అందులో సెకండ్ ఆఫీసర్. బతికి బయటపడ్డ అధికారుల్లో అందరికంటే పెద్ద హోదా అతనిదే. ఆ రాత్రి సముద్రంలో బోర్లాపడిన ఓ చిన్న పడవ వీపు మీదికి ఎక్కాడు. అప్పటికే దానిమీద పదుల మంది నిలబడి ఉన్నారు. అల వచ్చినప్పుడల్లా ‘ఎడమకి ఒరగండి... కుడికి ఒరగండి’ అంటూ అందరిచేతా బరువు సర్దిస్తూ, తెల్లారేదాకా దాన్ని మునగనివ్వలేదు.

అంత అనుభవమున్నా అతనికి సొంతంగా ఓ ఓడకు కెప్టెనయ్యే అవకాశం కంపెనీ ఎప్పుడూ ఇవ్వలేదు. చివరికి ఆ ఉద్యోగం వదిలేశాడు. ఇంట్లోవాళ్లు అతిథిగృహం నడుపుకుంటూ రోజులు నెట్టుకొచ్చారు. కానీ సముద్రం మీద మనసు పోతుందా? 1929లో ఓ పాత పడవను కొన్నాడు.

ఆ పడవ తయారైందీ 1912లోనే. బ్రిటిష్ నౌకాదళంలో ఆవిరి ఇంజినుతో మనుషుల్నీ సామాన్లనీ మోసేది. లైటోలర్ చేతికి వచ్చేసరికి మిగిలింది చెక్క డొల్ల మాత్రమే.

డొల్ల గట్టిగా ఉంటేనే...

పాత పడవ కొనేవాళ్లు ముందు ఇంజిను చప్పుడు వింటారు. తెలిసినవాళ్లు మాత్రం ముందు చెక్క మీద సుత్తితో తట్టి చూస్తారు. టంగుమంటే గట్టిది, బొద్దుమంటే లోపల కుళ్లింది. ఇంజినుదేముంది, పాడైతే మార్చుకోవచ్చు. అడుగు చెక్కే కుళ్లితే బాగుచేసే ఖర్చుతో కొత్త పడవే వస్తుంది.

ఆ లెక్కన సన్‌డౌనర్ అదృష్టవంతురాలు. లైటోలర్ దాన్ని పొడిగించి బాగుచేయించాడు. పూర్తయ్యాక పొడవు 60 అడుగులకు దగ్గరైంది. పైన క్యాబిన్ వచ్చింది, తెరచాపలు లేచాయి. లోపల 60 హార్స్‌పవర్ పార్సన్స్ ఇంజిను కూర్చుంది. పేరు పెట్టింది అతని భార్య సిల్వియా. ఆమెది ఆస్ట్రేలియా. అక్కడ పొద్దుగూకే వేళకు ఏదో ఓ గడప దగ్గర వాలే దేశదిమ్మరిని సన్‌డౌనర్ అంటారు. 1930లో పడవ నీళ్లలోకి దిగింది.

రేవులో బాగుంటుంది... నడిసంద్రంలో ఆగుతుంది

పడవ ఇంజినును కారు ఇంజినులా చూస్తే కుదరదు. కారుకు రేడియేటర్ ఉంటుంది. చాలా పడవల్లో ఇంజినును చల్లబరిచేది బయటి నుంచి పంపు లాక్కునే నీళ్లే. ఆ దారిలో నాచో ఇసుకో అడ్డం పడితే చాలు, కాసేపట్లో ఇంజిను కుతకుతలాడుతుంది. పైగా ఉప్పునీళ్లు లోపలి ఇనుమును తినేస్తూ ఉంటాయి. పాత ఇంజిను వేడెక్కుతోందంటే ముందు చూడాల్సింది ఈ నీటి దారినే.

ఇంకో చిత్రం ఉంది. రేవులో గంటలకొద్దీ చక్కగా ఆడిన ఇంజిను, నడిసంద్రంలోకి వెళ్లగానే దగ్గి ఆగిపోతుంది. కారణం ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, నీళ్లు. పడవ కదలకుండా ఉన్నంతసేపూ అవి కిందే ఉంటాయి. అలలకు ట్యాంకు కుదిలేసరికి పైకి లేచి ఇంధనంతోపాటు గొట్టంలోకి వెళతాయి. అంటే, ఇంజిను ఎప్పుడు అవసరమో సరిగ్గా అప్పుడే మొరాయిస్తుందన్నమాట! అందుకే పాత పడవ కొన్నవాళ్లు ఇంజిను విప్పేముందు ట్యాంకు కడుక్కోవాలంటారు అనుభవజ్ఞులు.

ఇంజినునూ పంకానూ కలిపే షాఫ్టు కూడా అంతే. ఒడ్డున ఎంత సరిగ్గా బిగించినా నీళ్లలోకి దిగాక చెక్క పడవ ఆకారం కాస్త మారుతుంది. అప్పుడు మళ్లీ సరిచూసుకోకపోతే అదురు మొదలై బేరింగులు అరిగిపోతాయి. ఇక పెట్రోలు ఇంజినైతే మరో భయం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పడవ అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. సన్‌డౌనర్‌లో కూడా తర్వాత డీజిలు ఇంజిను పెట్టారు. వేగం 10 నాట్లకు చేరింది.

పదేళ్లపాటు లైటోలర్ కుటుంబానికి ఆ పడవే లోకం. యూరప్ తీరాలు చుట్టారు. 1939 జులైలో షికారుకొచ్చిన వృద్ధ దంపతుల్లా సిల్వియాతో కలిసి జర్మనీ తీరాన తిరిగి, నౌకాదళం కోసం రహస్యంగా వివరాలు రాసుకొచ్చాడు.

‘నా పడవను నేనే తెస్తా’

1940 మే చివర. ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరంలో లక్షలమంది మిత్రపక్ష సైనికుల్ని జర్మన్ సేనలు చుట్టుముట్టాయి. వాళ్లను తెచ్చేందుకు చిన్న పడవల్ని కూడా రమ్మన్నారు. లైటోలర్‌కు ఫోనొచ్చింది. సన్‌డౌనర్‌ను రామ్స్‌గేట్ రేవులో అప్పగిస్తే నౌకాదళం మనుషులు తీసుకెళతారని దాని సారాంశం.

అతను ఒప్పుకోలేదు. తన పడవను తానే తీసుకెళతానన్నాడు. అప్పటికి అతని వయసు 66. మొండితనంలా కనిపించినా అందులో న్యాయముంది. ఏ అలకు ఎలా ఒరుగుతుందో, చుక్కాని ఎంత తిప్పితే ఎంత మళ్లుతుందో పదేళ్లుగా తోలినవాడికి తెలిసినట్టు నిన్న ఎక్కినవాడికి తెలుస్తుందా?

జూన్ 1 ఉదయం పెద్దకొడుకు రోజర్, జెరాల్డ్ యాష్‌క్రాఫ్ట్ అనే కుర్ర సీ స్కౌట్ తోడుగా ముగ్గురూ బయల్దేరారు. దారిలో వెస్టర్లీ అనే మోటారు పడవ ఆగిపోయి, మంటల్లో ఉంది. ఇంజిను నడిసంద్రంలో చేయిస్తే ఏమవుతుందో కళ్లముందే కనిపించింది. అందులోవాళ్లను ఎక్కించుకుని ముందుకు సాగారు.

పైన విమానాలు. ఇక్కడ అతనికి అక్కరకొచ్చింది చిన్నకొడుకు బ్రయన్ మాటలు. వాయుసేన పైలట్ అయిన బ్రయన్, విమానం ఎలా దాడి చేస్తుందో, ఎలా తప్పించుకోవాలో తండ్రికి ఎన్నోసార్లు చెప్పాడు. బ్రిటన్ యుద్ధంలోకి దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మనీ మీద దాడిలో చనిపోయాడు. విమానం మీదికి దూకి, గురి కుదిరే చివరి క్షణం దాకా ఆగి, అప్పుడు చుక్కానిని ఒక్కసారిగా తిప్పేవాడు లైటోలర్. తూటాలు నీళ్లలో పడేవి. కొడుకు నేర్పిన ఉపాయం, మాట వినే పడవ... ఆ రెండే ఆ రోజు కవచాలు.

డంకర్క్‌లో సైనికులు దిగుతూనే ఉన్నారు. క్యాబిన్‌లోనే 70 మందికి పైగా కుక్కుకున్నారు. తర్వాత డెక్కు నిండింది. అంతకుముందెప్పుడూ అది ఎక్కించుకున్నది 21 మందినే! పోగా రాగా 12 గంటలు. రామ్స్‌గేట్ చేరాక మరో గండం. అందరూ ఒకేసారి ఓ పక్కకు కదిలేసరికి పడవ ఒరిగిపోబోయింది. చెప్పేదాకా కదలకుండా ఎక్కడివాళ్లక్కడ పడుకోమని ఆజ్ఞ వెళ్లింది. బరువు సర్దుకుంది. 28 ఏళ్ల కిందట, టైటానిక్ రాత్రి, బోర్లాపడిన పడవ మీద చేసిన పనే అది. ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉంటే, ఇంతమందిని ఎక్కడ దాచారని రేవులో ఉన్నవాళ్లు నోరెళ్లబెట్టారు.

జూన్ 4తో ముగిసిన ఆ తరలింపులో మొత్తం 3,38,226 మంది బయటపడ్డారు.

లైటోలర్ కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1945 మార్చిలో రోజర్ కూడా యుద్ధానికే బలయ్యాడు. యుద్ధం తర్వాత లైటోలర్ లండన్‌లో పడవల యార్డు నడిపాడు. నది పోలీసుల కోసం మోటారు లాంచీలు కట్టించాడు. 1952 డిసెంబరు 8న కన్నుమూశాడు.

సన్‌డౌనర్ మాత్రం మిగిలింది. 1990లో డంకర్క్ స్వర్ణోత్సవానికి మళ్లీ వెళ్లింది. తర్వాత రామ్స్‌గేట్ మారిటైమ్ మ్యూజియం సంరక్షణలోకి చేరింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న లోకంలో, అవసరం తీరాక నౌకాదళం వదిలేసిన డొల్ల అది. ఓ పెద్దాయన దాన్ని తట్టి చూశాడు. గట్టిగానే ఉందనుకున్నాడు. ఆ నమ్మకం విలువెంతో ఆ రోజు రామ్స్‌గేట్‌లో దిగినవాళ్లనడగాలి!