బందిపోటు ఈగకు పేరు పెట్టే ముందు

మా పెరటి మునగచెట్టు ఎండుకొమ్మ కొసన ఒక ఈగ కదలక మెదలక కూర్చుని ఉంది. తేనెటీగ ఒకటి అటు వచ్చిందో లేదో, రివ్వున లేచి, గాలిలోనే దానిని ఒడిసిపట్టి, మళ్ళీ ఆ కొమ్మకే చేరింది. ఆంగ్లేయులు దీనిని రాబర్ ఫ్లై అన్నారు. నేను బందిపోటు ఈగ అని పిలుచుకుంటాను. సూదివంటి తొండంతో పొడిచి, లాలాజలం ఎక్కించి, ఎర లోపలి భాగాలు ద్రవించిన పిమ్మట పీల్చివేయడం దీని భోజనవిధానం.

ఫొటో తీసి, జాలంలో దొరికిన మరొక బొమ్మతో రంగులు సరిపోయాయి గదా అని, జాతి పేరుతో సహా ఇక్కడే ప్రకటించాను. నా పూర్వవిద్యార్థి ఒకరు అది చదివి, తన కుమారుని బడి ప్రాజెక్టులో అదే పేరు వ్రాయించారు. కొన్నాళ్ళకు కీటకాల సంగతి తెలిసిన మిత్రుడొకరు రెండే ప్రశ్నలు వేశారు: "మాస్టారూ, అది మగదా, ఆడదా? రెక్కలో గదులు చూశారా?" రెండింటికీ నా వద్ద సమాధానం లేదు. ఆధారం చూపనిదే మార్కులు వేయని ఉపాధ్యాయుడికి అంతకంటె సిగ్గు మరేముంటుంది?

కుటుంబాన్ని పోల్చుకోవడం కష్టం కాదు. రెండే రెక్కలు, రెండు కళ్ళ నడుమ నడినెత్తిన ఒక పల్లం, ముఖాన గుబురు మీసం, ముళ్ళు నిండిన బలమైన కాళ్ళు: ఇవన్నీ ఉంటే అది అసిలిడే కుటుంబమే. అయితే ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 7,000కు పైగా జాతులున్నాయి. మంచి ఫొటో ఉంటే కొన్నిసార్లు ప్రజాతి దాకా వెళ్ళవచ్చు. రెక్కలో ఉపాంత గదులు మూడుంటే ప్రోమాకస్ వైపు, స్పర్శశృంగపు కొస ఈకలా నూగుతో ఉంటే ఒమ్మేషియస్ వైపు ఆలోచించాలి. ఆపై జాతిని తేల్చడానికి అనేక ప్రజాతులలో మగ ఈగ జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించవలసిందే. రంగు చాలదు.

మన సాహిత్యంలోనూ ఇదే చిక్కు కదా! మకుటం కనబడినంత మాత్రాన ప్రతి పద్యమూ వేమనది కాదు. ఎవరో కట్టి, ఆ మకుటం తగిలించిన పద్యాలు ఎన్ని లేవు?

అట్లని పెరటి పరిశీలన వ్యర్థమని నేననను. సూదికి గుచ్చి పెట్టెలో దాచిన ఈగ తాను ఏ కొమ్మన కూర్చున్నదో, ఏ వేళ దేనిని వేటాడినదో చెప్పదు. అది చెప్పగలిగినవారం మనమే. కనుక ఊరు, తేదీ, వేళ, కూర్చున్న చోటు, చిక్కిన ఎర వ్రాసుకోండి. పైనుండి, పక్కనుండి, ముఖానికి ఎదురుగా, రెక్కల ఈనెలు తెలిసేలా ఫొటోలు తీయండి. పేరు మాత్రం ఆధారం ఉన్నంత మేరకే వ్రాయండి. "అసిలిడే, జాతి తెలియదు" అని వ్రాయడం అజ్ఞానం కాదు, నిజాయితీ.

నా పాత టపాలో ఆ పేరు కొట్టివేశాను. పూర్వవిద్యార్థికి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. పిల్లవాడు నోటుపుస్తకంలో దిద్దుకున్నాడట. మీలో ఎవరైనా ఇట్లా తొందరపడి పేరు పెట్టిన సందర్భాలుంటే చెప్పండి, నాకు కాస్త ఊరటగా ఉంటుంది.