భద్రతా మండలి తేల్చనిది మంత్రిత్వ శాఖ తేల్చేసింది

కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ 2022–23 సంవత్సరానికి విడుదల చేసిన జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతన మార్గదర్శకాల్లో, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత్ ఆధారిత సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలు ఇకపై ఈ పథకం కిందికి రావన్న వాక్యం ఒకటి వచ్చి చేరింది. దళితులు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయడానికి ఉద్దేశించిన ఈ పథకంలో ఆ వాక్యం దెబ్బ ఎవరెవరికి తగులుతుందన్న చర్చ అప్పట్లో కొంత జరిగినా, అంతర్జాతీయ సంబంధాలు, ఘర్షణ, భద్రత అనే అంశాలను పీజీ స్థాయిలో చదవదలచిన తెలంగాణ విద్యార్థి, మెదక్ వంటి జిల్లా నుంచి వచ్చే విద్యార్థి, ఆ చర్చలో ఎక్కడా కనిపించలేదు. అందరికంటే ముందు కనిపించవలసినది ఆ విద్యార్థే. ఎందుకంటే ఒక వివాదం ఒక దేశపు ఇంటి గొడవా, లేక రెండు రాజ్యాల మధ్య తగాదానా అన్నది ఈ శాస్త్రం అడిగే మొట్టమొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ముందే తెలిసిపోయినట్టు దరఖాస్తులను వేరుచేసే నిబంధన ఈ శాస్త్రం విషయంలో అర్థంలేనిది, అన్యాయమైనది.

అర్థంలేనిదనడానికి దూరపు దృష్టాంతాలు వెతకనక్కరలేదు. 1948 ఆగస్టు 21న, మెదక్ ఒక జిల్లాగా ఉన్న హైదరాబాద్ సంస్థానం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి భారత్‌పై ఫిర్యాదు పంపింది. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా తాను కక్షిగా ఉన్న వివాదాన్ని మండలి ముందుకు తీసుకురావచ్చునని చెప్పే 35వ అధికరణంలోని రెండో క్లాజు ఆ ఫిర్యాదుకు ఆధారం. సెప్టెంబర్ 13న భారత సైన్యం ‘పోలీసు చర్య’ పేరిట సంస్థానంలోకి ప్రవేశించింది. 16న పారిస్‌లో సమావేశమైన మండలి, ఫిర్యాదును ఎజెండాలో చేర్చాలా వద్దా అన్నదానిపై ఓటింగ్ జరిపితే 8 ఓట్లు అనుకూలంగా వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉండిపోయాయి. హైదరాబాద్ పక్షాన మొయిన్ నవాజ్ జంగ్, భారత్ పక్షాన ఆర్కాట్ రామస్వామి మొదలియార్ మాట్లాడారు. హైదరాబాద్ అసలు రాజ్యమే కాదని, కాబట్టి దానికి ఫిర్యాదు చేసే అర్హతే లేదని భారత్ వాదించింది. ఏ దేశపు అంతర్గత వ్యవహారంలోనూ సమితి జోక్యం చేసుకోరాదనే రెండో అధికరణం ఏడో క్లాజు ఆ వాదనకు వెన్నెముక. మర్నాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు, 22న ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపారు. మండలి ఆ తర్వాత కూడా, 1949 మే వరకు, ఈ విషయాన్ని విన్నది. విన్నదే తప్ప, ఇది తన పరిధిలోకి వస్తుందో రాదో మాత్రం తేల్చలేదు. ‘హైదరాబాద్ ప్రశ్న’ అన్న శీర్షిక మండలి పరిశీలనలోని అంశాల జాబితాలో దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది.

హైదరాబాద్ విలీనం న్యాయమా, కాదా అన్నది ఇక్కడ చర్చ కాదు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని, నిజాం పక్షపు రజాకార్ల దౌర్జన్యాన్ని ఎరిగిన ఏ పాఠకుడికీ ఆ విషయంలో కొత్తగా చెప్పవలసింది లేదు. ఇక్కడి విషయం ఆ 8 ఓట్లు, 3 తటస్థాలు. ప్రపంచంలోని పెద్ద రాజ్యాల ప్రతినిధులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, హైదరాబాద్ ఉదంతం భారత చరిత్రా, అంతర్జాతీయ వివాదమా అని అడిగి, జవాబు చెప్పకుండానే లేచి వెళ్లిపోయారు. అదే ప్రశ్నకు మార్గదర్శకాలు రాసిన అధికారులు ఒక్క వాక్యంతో జవాబు చెప్పేశారు.

ఈ నిబంధనను విమర్శించినవారు కూడా ఈ దృష్టాంతం జోలికి వెళ్లలేదు. వారిలో ఎక్కువమంది అంబేడ్కర్‌ను ఉదాహరించారు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియా వెళ్లి కులం మీద, భారత ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల మీద రాసిన వ్యక్తికి, లండన్‌లో రూపాయి సమస్య మీద సిద్ధాంత గ్రంథం సమర్పించిన వ్యక్తికి, నేటి నిబంధన కింద పైసా రాదన్నది వారి వాదన. అది నిజమే, గట్టిదే. అయితే ఆ వాదన మంత్రిత్వ శాఖ గీసిన గీతను ఒప్పుకుని, గీతకు ఇవతలి వారికి కూడా డబ్బు ఇవ్వమని అడుగుతుంది. ఆ గీతే లేదని చెప్పే వాదన ఎవరి నోటా రాలేదు. అంబేడ్కర్ పేరు చెప్పగానే తమ పని అయిపోయిందనుకోవడం మన సంపాదకీయ పుటలకు అలవాటైన బద్ధకం.

ప్రభుత్వం చెప్పిన సమర్థన మరీ విచిత్రమైనది. భారత్‌కు సంబంధించిన అంశాలపై కావలసినన్ని వనరులు, కోర్సులు దేశంలోనే ఉన్నాయని, అందుకని ఆ సీట్లను ఇతర అంశాలు చదివేవారికి ఇవ్వడం మేలని అధికారుల తర్కం. మొత్తం సీట్లు 125, అందులో ఎస్సీలకు 115. ఇంత కొద్ది సీట్లకు ప్రాధాన్యాలు ఉండాలన్న మాటను కాదనలేం. కానీ వనరులన్నీ ఇంటిలోనే ఉన్నాయన్న మాట హైదరాబాద్ విషయంలో ఏ మేరకు నిజమో చూడవలసి ఉంది. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా జరిగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగి, సంస్థానమంతటా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి మృతులు కనీసం 5 వేలని అందులో ఉంది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు; ఏ.జి. నూరానీ దాని పూర్తి పాఠాన్ని తన పుస్తకంలో చేర్చి ప్రచురించింది 2013లో. మెదక్‌లో ఎవరి తాత ఏమయ్యాడో చెప్పే కాగితాన్ని అరవై ఏళ్లకు పైగా బీరువాలో దాచిన వ్యవస్థ, వనరులకు ఇక్కడ కొదవేముందని అడుగుతోంది.

మరి ఆ కాలాన్ని గురించి విశ్వవిద్యాలయ స్థాయిలో రాసింది ఎవరు? లూసియన్ బెనిషూ, టేలర్ షెర్మన్, ఎరిక్ బెవర్లీ, సునీల్ పురుషోత్తం. వీరి పనిలో ఎక్కువ భాగం విదేశీ విశ్వవిద్యాలయాల నీడన జరిగింది. సంస్థానంతో బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన వ్యవహారాల దస్త్రాలు ఒక పెద్ద రాశిగా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, మండలి చర్చల రికార్డులు సమితి దగ్గర ఉన్నాయి. ఘర్షణలను లెక్కగట్టే పద్ధతి కూడా బయటే రూపుదిద్దుకుంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో 1971లో ఏర్పడిన శాంతి, ఘర్షణ పరిశోధన విభాగం, ఏడాదిలో పోరు కారణంగా కనీసం 25 మంది చనిపోయిన తగాదాను మాత్రమే సాయుధ ఘర్షణగా లెక్కిస్తుంది. అలా లెక్కించిన ప్రతిదాన్నీ రాజ్యాల మధ్యదా, రాజ్యం లోపలిదా అని వర్గీకరిస్తుంది. 1948 నాటి హైదరాబాద్ ఆ పట్టికలో ఉంది. ఒక మెదక్ విద్యార్థి ఉప్సలాకు వెళ్లి ఆ వర్గీకరణ సరైనదేనా అని ప్రశ్నించదలచుకుంటే, అది భారత చరిత్ర కాబట్టి ఖర్చు పెట్టబోమని అతని ప్రభుత్వం జవాబిస్తుంది. ఒక దేశం గురించి ఆ దేశంలోనే చదవాలన్న సూత్రాన్ని ప్రపంచంలో మరెవరూ పాటించిన దాఖలా కూడా లేదు. అమెరికాను అధ్యయనం చేయడానికి అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలసింది 1964లో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో.

1948ని పక్కన పెట్టినా మెదక్‌కు ఈ శాస్త్రంతో ఉన్న సంబంధం తెగదు. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందం, అంటే బయటివారి సైన్యాన్ని తన గడ్డ మీద పోషిస్తూ విదేశీ వ్యవహారాలను వారి చేతికి అప్పగించే ఏర్పాటు, బలవంతుడికీ బలహీనుడికీ మధ్య కుదిరే కూటమి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఏ పాఠ్యగ్రంథంలోనైనా చేర్చదగినది. రెండేళ్లు తిరిగేసరికి ఆ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీ పాలయి దత్త మండలాలయ్యాయి. ఇటీవలి కాలానికి వస్తే, 1980లో మెదక్ లోక్‌సభ సభ్యురాలిగా గెలిచిన ఇందిరా గాంధీ 1983 మార్చిలో ఢిల్లీ శిఖరాగ్ర సభతో అలీనోద్యమానికి అధ్యక్షురాలయ్యారు. అమెరికా, సోవియట్ కూటములలో దేనిలోనూ చేరని దేశాల కూటమికి అధ్యక్ష స్థానంలో ఉన్నది మెదక్ ఎంపీ. ఆ మరుసటి ఏడాదే, అప్పటి మెదక్ జిల్లాలోని ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం మొదలైంది. సోవియట్ నమూనా బీఎంపీ–2ను ‘సారథ్’ పేరుతో అక్కడ తయారుచేస్తున్నారు. అలీనోద్యమ అధ్యక్షురాలి నియోజకవర్గంలో సోవియట్ యుద్ధ వాహనం తయారీకి పూనుకోవడం వైరుధ్యమా, చాకచక్యమా అన్నది పీజీ విద్యార్థికి ఒక సెమిస్టర్ పాటు సరిపోయే ప్రశ్న. అయితే ఆ ఫ్యాక్టరీలో వెల్డింగు చేసే కార్మికుడి కూతురు ఇలాంటి ప్రశ్న పట్టుకుని దరఖాస్తు చేస్తే, అది భారత్ ఆధారిత అంశమవుతుంది. పోలండ్ యుద్ధ వాహనాల గురించి రాస్తే మాత్రం చెల్లుతుంది.

దేశంలోనే చదువుకోవచ్చు కదా అన్నవారు, ఆ దారి ఎంత ఇరుకో కూడా చెప్పాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశానికి జరిపే సీయూఈటీ పరీక్ష తెలుగుతో సహా 13 భాషల్లో ఉంది. పీజీ ప్రవేశానికి వచ్చేసరికి, భాషా సబ్జెక్టులు వంటివి మినహా, మిగిలేవి ఇంగ్లీషు, హిందీ మాత్రమే. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో, 1955లో పుట్టి తర్వాత అందులో కలిసిన అంతర్జాతీయ అధ్యయనాల విభాగంలో సీటు రావాలంటే దాటవలసిన గుమ్మం ఇదే. తెలుగు మాధ్యమంలో బీఏ చేసిన మెదక్ విద్యార్థికి మూడేళ్లలో పదకొండు భాషల తలుపులు మూసేసిన వ్యవస్థ, విదేశాలకు వెళ్లే దారిలో మరో గేటు పెట్టి, దానికి ప్రాధాన్యం అని పేరు పెట్టింది. తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ విదేశీ విద్యానిధి కింద ఇచ్చే 20 లక్షల రూపాయల సాయం ఒక ఊతమే అయినా, రాష్ట్రం ఆదుకుంటోంది కదా అని కేంద్రం తన నిబంధనను సమర్థించుకోజాలదు.

ఈ నిబంధనలోని అసలు విషయం దేశానికి మేలు చేసే చదువులకు ప్రాధాన్యం ఇవ్వడమైతే, భద్రతా అధ్యయనాల కంటే దేశానికి దగ్గరి చదువు ఏదో మంత్రిత్వ శాఖ చెప్పవలసి ఉంటుంది. అసలు విషయం అది కాదనే అనుమానం రాక తప్పదు. కూలీల పిల్లలు బయటికి వెళ్లి ఇంజనీరింగు చేసుకుని రావచ్చు, ఉద్యోగాలు చేసుకోవచ్చు. ఈ దేశం మీద ప్రశ్నలు మాత్రం అక్కడి నుంచి అడగకూడదు. స్థోమత ఉన్నవారి పిల్లలకు ఈ నిషేధం లేదు, వారు సొంత డబ్బుతో లండన్‌లోని కింగ్స్ కాలేజీ యుద్ధ అధ్యయన విభాగంలో చేరి కశ్మీర్ మీదో, హైదరాబాద్ మీదో, మావోయిస్టుల మీదో ఏ అంశాన్నయినా ఎంచుకోవచ్చు. ఇంటి గుట్టు బయటపడుతుందన్న భయం ఏడాదికి ఎనిమిది లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లల విషయంలోనే ప్రభుత్వానికి గుర్తొచ్చింది.

ఆ గుట్టు ఎప్పుడో లండన్ చేరింది, దాన్ని అక్కడ విప్పినవారిలో భారత ప్రభుత్వం కూడా ఉంది. 1948 సెప్టెంబర్ 20న, అంటే పారిస్ ఓటు జరిగిన నాలుగు రోజులకు, అదే మొయిన్ నవాజ్ జంగ్ హైదరాబాద్ ప్రభుత్వ ఖాతాలోని 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్మును లండన్‌లోని పాకిస్థాన్ హైకమిషనర్ పేరిట మార్చారు. 71 ఏళ్లు బ్యాంకులో ఇరుక్కుని దాదాపు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము ఎవరిదన్న దానిపై ఇంగ్లండ్ హైకోర్టు 2019 అక్టోబర్ 2న తీర్పు చెప్పింది. ఇది రాజ్యాల మధ్య వ్యవహారం కాబట్టి కోర్టులు తేల్చరాదన్న పాకిస్థాన్ వాదనను తోసిపుచ్చి, నిజాం వారసుల పక్షాన, భారత్ పక్షాన తీర్పునిచ్చింది. 1948లో ఇది అంతర్గత వ్యవహారమని పారిస్‌లో వాదించిన భారత ప్రభుత్వం, 2019లో అదే హైదరాబాద్ చరిత్రను పరాయి దేశపు న్యాయమూర్తి ముందు పత్రాలతో సహా పరిచి, వాదించి, గెలిచింది. ఆ పత్రాలే చదవడానికి అదే నగరానికి వెళ్తానన్న మెదక్ కూలీ బిడ్డ దరఖాస్తును, భారతీయ చరిత్ర దేశం లోపలే చదువుకోవాలంటూ ఏ మొహం పెట్టుకుని తిప్పి పంపుతారో మంత్రిత్వ శాఖ అధికారులు ముందు చెప్పాలి.