ఐదు ఫారాల తేడాతో తెలుగు పేజీ తీసేయాలా?

ఖరగ్‌పూర్ మలంచాలో రైల్వే కొలువులతో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి ట్యూషన్ సెంటరొకటి మార్కెటింగ్ ప్లాట్‌ఫామ్‌లో ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో ఒకటి ల్యాండింగ్ పేజీలు చేసిందనుకుందాం. ప్రకటన నొక్కితే ఏదో ఒకటి తెరుచుకుంటుంది. చెరో వంద మంది చూశారు. ఇంగ్లిష్‌కు 14, తెలుగుకు 9 ఫారాలొచ్చాయి. తెలుగు పేజీ తీసేయాలా?

తొందరపడకూడదు. రేడియోధార్మిక కణాలను లెక్కించినట్టే ఇక్కడా అనిశ్చితి ఉంటుంది. రెండు లెక్కల మొత్తం 23. దాని వర్గమూలం దాదాపు 5. తేడా కూడా 5 మాత్రమే! అది కాకతాళీయం కావచ్చు. చెరో వెయ్యి మంది చూశాక 140, 90 వస్తే తేడా 50, అనిశ్చితి 15. అప్పుడు నమ్మవచ్చు. డ్యాష్‌బోర్డు అంకెలు చూపుతుంది. అవి సరిపోతాయో లేదో తేల్చుకోవాల్సింది మనమే.