అబ్దుల్ రవూఫ్‌కు పడిన అసలు శిక్ష

1996 మార్చి 12న అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంస్థ ఎన్‌బీఏ ఒక ఆటగాడిని సస్పెండ్ చేసింది. డెన్వర్ నగెట్స్ జట్టులో పాయింట్ గార్డ్‌గా ఆడుతున్న మహమూద్ అబ్దుల్ రవూఫ్ జాతీయగీతం వేళ లేచి నిలబడటం లేదన్నది అభియోగం. ఆడని ప్రతి ఆటకూ 31,707 డాలర్ల జీతం కోత. తీరా చూస్తే ఆయన పోగొట్టుకున్నది ఒక్క ఆటే. మూడు రోజులకల్లా రాజీ కుదిరి మళ్లీ ఆటలోకి దిగారు. కాగితం మీద వ్యవహారం అక్కడితో ముగిసినట్లే. అయితే ఆ మార్చి నెలకు ముందు ఆయన ఎక్కడున్నారో, తర్వాత ఎక్కడికి చేరారో పక్కపక్కన పెట్టి చూస్తే గాని అసలు శిక్ష ఏమిటో బోధపడదు.

1969లో మిసిసిపీ రాష్ట్రంలోని గల్ఫ్‌పోర్ట్‌లో పుట్టినప్పుడు ఆయన పేరు క్రిస్ జాక్సన్. తండ్రి అండ లేదు, తల్లే పెంచింది. చిన్ననాటి నుంచీ టూరెట్ సిండ్రోమ్ అనే నరాల వ్యాధి. తన ప్రమేయం లేకుండానే ఒళ్లు కుదుపులకు లోనయ్యేది. అదేమిటో డాక్టర్లు చెప్పేసరికి పదిహేడేళ్లు వచ్చాయి. చేసిన పనినే మనసుకు నచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలన్న తపన ఈ వ్యాధి ఉన్న చాలామందిలో కనిపిస్తుంది. ఆయనలో అది బంతి మీదికి మళ్లింది. ఇనుప రింగుకు తగలకుండా బంతి వలలోంచి జారే చప్పుడు వరుసగా తాను అనుకున్నన్ని సార్లు వినపడితే తప్ప సాధన ఆపేవారు కాదు. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే ఆటకు సగటున 30.2 పాయింట్లు సాధించారు. 1990లో డెన్వర్ జట్టు ఆయన్ను ఆ ఏటి మూడో ఎంపికగా తీసుకుంది.

యూనివర్సిటీ కోచ్ డేల్ బ్రౌన్ చేతికిచ్చిన మాల్కం ఎక్స్ ఆత్మకథ ఆయన్ను ఆలోచనలో పడేసింది. 1991లో ఇస్లాం స్వీకరించారు. 1993లో పేరు మార్చుకున్నారు.

పాయింట్ గార్డ్ అంటే బంతిని ముందుకు నడిపి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించే ఆటగాడు. ఒక రకంగా జట్టుకు సారథి. బారెడు పొడవు మనుషుల మధ్య ఆరడుగుల పైచిలుకు ఎత్తు మాత్రమే ఉన్న రవూఫ్ ఈ పని చేస్తూనే పాయింట్లు కూడా రాబట్టేవారు. 1993-94 సీజన్‌లో 229 ఫ్రీ త్రోలు వేస్తే 219 వలలో పడ్డాయి. మరొక్కటి పడి ఉంటే కాల్విన్ మర్ఫీ పేరిట ఉన్న నాటి రికార్డు చెదిరిపోయేది. 1995 డిసెంబరులో యూటా జాజ్ మీద 51 పాయింట్లు. 1996 ఫిబ్రవరిలో, ఆ సీజన్ మొత్తం మీద పదంటే పదే ఆటలు ఓడిన చికాగో బుల్స్‌ను డెన్వర్ ఓడించినప్పుడు ఆయనవి 32. ఆనాటి బుల్స్ కోచ్ ఫిల్ జాక్సన్ ఇరవయ్యేళ్ల తర్వాత స్టీఫెన్ కరీ ఆట గురించి మాట్లాడుతూ పోలికగా ఎత్తింది ఈయన పేరునే.

ఇలాంటి ఆటగాడు ఆ సీజన్‌లో నెలల తరబడి జాతీయగీతం వేళ లోపలి గదిలో ఉండిపోవడమో, పక్కన ఒళ్లు సాగదీసుకుంటూ ఉండటమో చేశారు. ఎవరికీ పట్టలేదు. పత్రికల కంట పడ్డాకే రగడ మొదలైంది. జెండా అణచివేతకు, దౌర్జన్యానికి గుర్తు అని, దేన్నయినా ఆరాధించే స్థాయికి ఎత్తడం తన విశ్వాసానికి సరిపడదని ఆయన చెప్పారు. ముస్లింలంతా దీన్ని ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. హ్యూస్టన్ జట్టు మేటి ఆటగాడు హకీం ఒలాజువన్ ఇస్లాం తాను నివసించే దేశాన్ని గౌరవించమనే చెబుతుందన్నారు. ఇది ఆలోచించదగ్గ మాటే. అది విశ్వాసుల మధ్య జరగాల్సిన చర్చ. డెన్వర్‌లోని ఒక రేడియో కేంద్రం మనుషులు మసీదులో జొరబడి బాకా మీద జాతీయగీతం ఊదడాన్ని మాత్రం చర్చ అనలేం.

రాజీ ఏమిటంటే, ఆయన నిలబడతారు, కాని తల వంచి, కళ్లు మూసుకుని మనసులో దుఆ చేసుకుంటారు. మన దేశంలో 1986లోనే ఇంచుమించు ఇలాంటి సమస్య సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. జాతీయగీతం వేళ నిలబడి, పాడకుండా ఊరుకున్నందుకు కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, వారిని తిరిగి చేర్చుకోమని తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. మౌనంగా నిలబడటంలో అగౌరవం లేదన్నది ఆ తీర్పు సారం. రవూఫ్ కూడా చివరికి ఒప్పుకున్నది అంతే కదా!

అయినా ఆ రాజీ ఆయన్ను కాపాడలేదు. ఆ సీజన్‌లో డెన్వర్ తరఫున అందరికన్నా ఎక్కువగా, ఆటకు సగటున 19.2 పాయింట్లు చేసింది ఆయనే. జూన్‌లో ఆయన్నే శాక్రమెంటో జట్టుకు ఇచ్చివేశారు. బదులుగా వచ్చింది 32 ఏళ్ల సరూనాస్ మార్చులియోనిస్, ఒక రెండో రౌండు ఎంపిక హక్కు. ఈ బేరం ఆట కోసం చేసిందంటే నమ్మడం కష్టం. 35 ఆటలు గెలిచిన డెన్వర్ మరుసటి ఏడు 21, ఆ పై ఏడు 11 ఆటలతో సరిపెట్టుకుంది.

అవతలి వాదం లేకపోలేదు. శాక్రమెంటోలో ఆయన ఆట తగ్గింది. 1997-98లో 31 ఆటలే ఆడి, సగటున 7.3 పాయింట్లే చేశారు. నిజమే. కానీ అంతకు రెండేళ్ల ముందు 51 పాయింట్లు చేసిన వాడికి ఒప్పందం ముగిసేనాటికి 29 ఏళ్లు. 29 జట్లున్న లీగ్‌లో రెండో గార్డుగానైనా ఒక్క చోటు దొరకలేదంటే దాన్ని ఆట లెక్కల్లో చూపడం సాధ్యం కాదు. సస్పెన్షన్ అయితే ఉత్తర్వు ఉంటుంది, సంఘం అడ్డుపడుతుంది, అప్పీలు చేసుకోవచ్చు. ఫోను మోగకపోతే ఎవరి మీద అప్పీలు చేస్తాం?

ఆయన టర్కీ వెళ్లారు. 2000-01లో వాంకూవర్ పిలిస్తే 41 ఆటలు ఆడారు, ఎన్‌బీఏలో అదే ఆఖరు. 2001లోనే మిసిసిపీలో ఆయన కట్టించుకున్న ఇల్లు కాలి బూడిదైంది. ఎవరో కావాలనే నిప్పంటించారన్న అనుమానమే బలపడింది. ఆ తర్వాత రష్యా, ఇటలీ, గ్రీసు, సౌదీ అరేబియా, నలభై దాటాక జపాన్‌లోనూ ఆడారు.

2016లో ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చున్నప్పుడు అమెరికాకు రవూఫ్ మళ్లీ గుర్తొచ్చారు. 2017 నుంచి కేపర్నిక్‌నూ ఏ జట్టూ ఆడించలేదు. 2022లో రవూఫ్ ఆత్మకథను అచ్చువేసింది ఆయన ప్రచురణ సంస్థే.

2020 జులైలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఎన్‌బీఏ ఆటలు తిరిగి మొదలైనప్పుడు ఆటగాళ్లు, కోచ్‌లు దాదాపు అందరూ జాతీయగీతం వేళ మోకరిల్లారు. నిలబడి తీరాలన్న నిబంధన పుస్తకంలో అలాగే ఉంది. దాన్ని అమలు చేయబోమని కమిషనర్ ఆడం సిల్వర్ ప్రకటించారు. ఎవరి జీతమూ కోయలేదు. అబ్దుల్ రవూఫ్‌కు అప్పటికి 51 ఏళ్లు.